సైన్సు సంచి: రెండేళ్లు మోశాక ఏవి మిగిలాయి, ఏవి తీసేశాను

డీఎడ్ (ప్రాథమిక టీచర్ల శిక్షణ) మొదటి ఏడాదిలో బోధనాభ్యసన సామగ్రి కోసం కూర్చుకున్న గుడ్డసంచి ఇది. మందుల షాపు, ఎలక్ట్రికల్ కొట్టు, పాత సామాన్ల దుకాణం, వంటిల్లు కలిస్తే తయారైంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పరిసరాల విజ్ఞానం పీరియడ్లలో రెండేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష. మొదట కొన్న వాటిలో సగం ఇప్పుడు సంచిలో లేవు. మిగిలిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ పాఠాలకు పనికొచ్చింది సూది లేని సిరంజి.

10 మి.లీ. సిరంజి అయితే చాలు. వాడేసింది ఎంత కడిగినా వద్దు, కొత్తదే కొనాలి. సూదిని షాపులోనే తీయించి అక్కడే వదిలేసి రావాలి. ప్లంజరును 10 గీత దాకా లాగి, మూతిని బొటనవేలితో గట్టిగా మూసి నొక్కమంటే మూడో తరగతి పిల్లలు కూడా 5 గీత దాకా తెస్తారు. వదిలితే వెనక్కి తన్నుతుంది. అయితే 10కి రాకుండా 9 దగ్గర ఆగిపోతుంది. రబ్బరు రాపిడి ఒక కారణం, వేలి పక్కనుంచి కాస్త గాలి జారిపోవడం రెండో కారణం. ఈ తేడాను దాచిపెట్టే ఛాత్రోపాధ్యాయులే (శిక్షణలో ఉన్న టీచర్లే) ఎక్కువ. దాచకుండా "ఆ ఒక్క గీత గాలి ఎటు పోయింది?" అని అడిగితే పిల్లలు వేలిని తడిపి మళ్లీ మూసి చూస్తారు, కారే చోట బుడగ లేస్తుంది.

తర్వాత అదే సిరంజిని నీళ్లతో నింపి నొక్కమనాలి. ప్లంజరు కదలదు. ఇక్కడ తప్పు జరిగేది లోపల మిగిలిన గాలిబుడగ వల్ల. అది ఉంటే ప్లంజరు కొంచెం దిగుతుంది, "నీళ్లు కూడా నొక్కుకున్నాయి టీచర్" అంటారు. వాళ్లు చూసింది వాళ్లు చెప్పారు, తప్పు మన తయారీది. మూతి పైకి ఉండేలా పట్టుకుని, గోటితో తట్టి బుడగను పైకి రప్పించి బయటికి నెట్టాకే ఇవ్వాలి.

రెండు సిరంజిలను కలపడానికి మొదట సెలైన్ గొట్టం వాడాను. ఎక్కించడానికి కొసను వేడినీళ్లలో ముంచి మెత్తబరచాల్సి వచ్చేది. చేపల తొట్టికి గాలి పెట్టే గొట్టం నయం, లోపలి వెడల్పు 4 మి.మీ. ఉంటుంది కాబట్టి సిరంజి మూతి మీద బిగుతుగా కూర్చుంటుంది. 30 సెం.మీ. ముక్క సరిపోతుంది. సిరంజిలనూ గొట్టాన్నీ బకెట్లో ముంచి నీళ్లలోనే కలిపితే బుడగలు చేరవు. ఒక వైపు 10 మి.లీ., మరో వైపు 20 మి.లీ. సిరంజి పెట్టి చిన్నదాన్ని నొక్కితే పెద్దది తక్కువ దూరం జరుగుతుంది. ఎందుకో పిల్లలే స్కేలుతో కొలిచి వాదించుకుంటారు.

నెలలు గడిచేకొద్దీ ప్లంజరు బిగుసుకుపోతుంది. అందరూ చెప్పే సలహా కొబ్బరినూనె. ఆ రోజుకు హాయిగా జారుతుంది, తర్వాత రబ్బరు నూనె తాగి ఉబ్బి ముందుకంటే ఎక్కువ బిగుస్తుంది. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ ఒక్క చుక్క రాస్తే ఈ బాధ లేదు.

భూతద్దాల దగ్గర నా లెక్క తప్పింది. ముప్పై మందికి ఐదు చాలనుకున్నాను. ఆరుగురికి ఒకటి వస్తే ఒకరు చూస్తుంటే ఐదుగురు లాక్కుంటారు. ముగ్గురికి ఒకటి, అంటే పది ఉండాలి. వెడల్పు 50 మి.మీ. చాలు, 75 మి.మీ. అద్దం దర్జాగా ఉంటుంది, చిన్నచేతికి బరువు, పడితే ముందుగా అంచు పగులుతుంది. ప్లాస్టిక్ అద్దం పగలదు కానీ సుద్దపొడి మీద పొడిగుడ్డతో తుడవగానే గీతలు పడతాయి. ముందు నీళ్లతో కడిగి, తర్వాత దూదితో అద్దాలి.

పిల్లలు అద్దాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుంటారు, దాంతో గది తలకిందులుగా కనబడుతుంది, పాఠం అక్కడే ఆగిపోతుంది. అద్దం కంటి దగ్గర, వస్తువును మెల్లగా అద్దం దగ్గరికి తీసుకురావడం: ఇది నేర్పడానికే మొదటి పీరియడులో పది నిమిషాలు పోతాయి, పోనివ్వాలి. ఎండలోకి తీసుకెళ్లేముందు సూర్యుడి వైపు చూడొద్దని చెప్పడం తప్పనిసరి. కిటికీ గట్టు మీద వదిలేసిన అద్దం కాగితాన్ని కాల్చగలదు కాబట్టి లెక్కపెట్టుకుని వెనక్కి తీసుకోవాలి.

దేన్ని చూపించాలంటే చీమను. చూడకముందు ఒకసారి బొమ్మ వేయించండి, చూశాక మరోసారి వేయించండి. మొదటి బొమ్మలో కాళ్లు నాలుగో ఎనిమిదో ఉంటాయి, శరీరం అంతా అంటుకుని ఉంటాయి. రెండో బొమ్మలో ఆరు కాళ్లూ నడిమి భాగం నుంచే రావాలి. రాకపోతే దిద్దకూడదు, అద్దం మళ్లీ చేతికివ్వాలి. పాఠ్య పథకంలో 'పరిశీలన' అని రాసే గడికి ఈ రెండు బొమ్మలే సాక్ష్యం.

కరెంటు సామాను విషయంలో ముందే ఒక నియమం: గోడ సాకెట్ జోలికి పోకూడదు, సెల్లులే. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లులు రెండు, సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ, టార్చి బల్బు, రెండు తీగలు. పట్టీని రెండు సెంటీమీటర్ల వెడల్పున కోసి సెల్లు నిలువునా బిగించి, తీగ కొసను దాని కింద దూరిస్తే హోల్డరు అక్కర్లేదు. బల్బు వెలగకపోతే నూటికి తొంభైసార్లు కారణం తీగ కొస. కరెంటును అడ్డుకునే ఎనామెల్ పూత ఉన్న రాగి తీగ మెరుస్తూనే ఉంటుంది, పూత కనబడదు. గరుకు కాగితంతో గీకాలి. ఇది ముందురోజు రాత్రి చేయాల్సిన పని, తరగతిలో కాదు.

పాత రకం టార్చి బల్బులు ఇప్పుడు వెతికితే గానీ దొరకడం లేదు, అందుకే చాలామంది ఎల్‌ఈడీకి మారుతున్నారు. ఎల్‌ఈడీ చిన్నపిల్లలకు మొదటి మెట్టుగా పనికిరాదని నా అభిప్రాయం. పొడుగు కాలు ప్లస్ వైపే ఉండాలి, తిప్పితే వెలగదు. ఒక్క సెల్లుకు తెల్లది వెలగనే వెలగదు. ఎర్రదాన్ని నేరుగా రెండు సెల్లులకు తగిలిస్తే తట్టుకోలేక మాడిపోవచ్చు. ఇన్ని మినహాయింపుల మధ్య 'దారి పూర్తయితేనే కరెంటు పారుతుంది' అనే అసలు మాట మరుగునపడుతుంది. సెల్లు రెండు కొసలనూ ఒకే తీగతో కలిపేసే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఉంటాడు. తీగ వేడెక్కుతుంది, సెల్లు ఖాళీ అవుతుంది. ఛార్జింగు సెల్లులయితే ఆ వేడి చేయి కాల్చేంత ఉంటుంది, అందుకే అవి వాడొద్దు.

అయస్కాంతాలకు పాత స్పీకర్లలోని నల్ల రింగులు మంచివి. కిందపడితే రెండు ముక్కలవుతాయి, ముందే గుడ్డ ప్లాస్టరు చుట్టాలి. చిన్న బిళ్లల్లా వచ్చే నియోడిమియం అయస్కాంతాలను సంచిలోంచి పూర్తిగా తీసేశాను. పిల్లలు రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో నొక్కిపట్టి చిల్లులు పెడతాయి. బటన్ సెల్లులనూ అదే భయంతో తీసేశాను, అవి గొంతులో ఇరుక్కుంటే కాలుస్తాయి.

అయస్కాంతం పాఠం బోల్తాకొట్టేది స్టీలు దగ్గర. 'ఇనుము అంటుతుంది, స్టీలు కూడా అంటుతుంది' అని చార్టు రాసుకుని వెళితే మధ్యాహ్న భోజనం పళ్లెం అంటకపోవచ్చు. స్టీలులో రకాలున్నాయి, కొన్ని అంటుతాయి, కొన్ని అంటవు. రూపాయి, రెండు రూపాయల స్టీలు నాణేలు అంటుతాయి, పసుపుపచ్చ ఐదు రూపాయల బిళ్ల అంటదు. ఈ నాణేలను నేను కావాలనే చివరికి దాచిపెడతాను. 'డబ్బులు అంటుతాయి' అని అప్పుడే నియమం కట్టిన జట్టు ఐదు రూపాయల దగ్గర గతుక్కుమంటుంది. ఇనుప రజను కోసం కొట్టుకు వెళ్లక్కర్లేదు, ఇసుకలో చాలాచోట్ల నల్లరేణువులు దొరుకుతాయి. అయస్కాంతానికి ముందు పాలిథిన్ కవరు తొడగాలి. లేకపోతే ఆ రజను జన్మలో వదలదు.

సంచిలోంచి తీసేసిన ప్రయోగాల్లో మొదటిది కొవ్వొత్తి, గ్లాసు: నీళ్లున్న పళ్లెంలో వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే మంట ఆరి నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ఆక్సిజన్ అయిపోయింది, ఆ జాగాలోకి నీళ్లు వచ్చాయి, కాబట్టి గాలిలో ఐదోవంతు ఆక్సిజన్ అని చెప్పే ఆ ప్రయోగం తప్పు వివరణతో తరతరాలుగా నడుస్తోంది. గ్లాసు బోర్లించేటప్పుడు మంట చుట్టూ గాలి వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది, కొంత బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరి గాలి చల్లబడి కుంచించుకుంటే నీళ్లు పైకెక్కుతాయి. ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఇంకా ఎక్కువ ఎక్కుతాయి. గాలిలో ఆక్సిజన్ మూడింతలు కాలేదుగా! గాలి చోటు ఆక్రమిస్తుందని చూపడానికి గ్లాసు అడుగున నలిపిన కాగితం కుక్కి, నిటారుగా నీళ్లలోకి ముంచితే చాలు, కాగితం పొడిగా వస్తుంది. వంచితే తడుస్తుంది, ఆ వంచడం కూడా ప్రయోగమే. రెండోది వంటసోడా, వెనిగర్ అగ్నిపర్వతం. పరిశీలకులు వచ్చిన రోజు బాగా కనబడుతుంది. అసలు అగ్నిపర్వతం గురించి మాత్రం ఒక్క ముక్కా చెప్పదు.

క్షారాన్ని గుర్తుపట్టడానికి పసుపు పూసిన కాగితం ఉండాలి, కానీ పసుపును నీళ్లలో కలిపి చేస్తే రంగు వెలవెలబోతుంది. పసుపులోని రంగు నీళ్లలో సరిగా కరగదు. స్పిరిట్లో కలిపి వడకట్టి, నునుపు లేని తెల్లకాగితం ముంచి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే వెలిసిపోతుంది. ఇదంతా ఇంటి దగ్గర, పొయ్యికి దూరంగా చేయాలి. సబ్బునీళ్లకు ఎర్రబడుతుంది, వంటసోడాకు నారింజ దగ్గర ఆగిపోవచ్చు. నిమ్మరసం ఒక్కటే వేస్తే ఏమీ మారదు, ఎర్రబడినదాని మీద వేస్తే మళ్లీ పసుపు అవుతుంది. ఆమ్లానికీ క్షారానికీ రెండింటికీ రంగు మారేది కావాలంటే మందార రేకులను కాగితం మీద రుద్దాలి. సున్నపుతేటను మాత్రం టీచరే వేయాలి, కంట్లో పడితే ప్రమాదం.

ఇక మొలకలు. పెసలు త్వరగా మొలుస్తాయి, అలసందల్లో బద్దలు స్పష్టంగా కనబడతాయి, రెండూ పెట్టుకోవచ్చు. శుక్రవారం నానబెట్టకండి, సోమవారానికి వాసన కొడతాయి. ఆదివారం రాత్రి నానబెట్టి, సోమవారం తడిగుడ్డలో కట్టి, శుక్రవారం దాకా రోజూ కొలిపించవచ్చు. పక్కనే వేయించిన పెసలు, పెసరపప్పు కూడా కడితే 'ఎందుకు మొలవలేదు' అనే ప్రశ్న మనం అడగనక్కర్లేకుండానే వస్తుంది.

సర్దడం గురించి ఒక మాట. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో పిల్లలు జట్లుగా కూర్చుని సొంత చేతులతో ప్రయోగాలు చేసేవారు. సంచి మోసేవాడికి అందులో ఉన్న కిటుకు జట్టు. సామానంతా ఒకే సంచిలో ఉంటే పంచడానికే ఎనిమిది, పది నిమిషాలు పోతాయి, నలభై ఐదు నిమిషాల పీరియడులో అది చాలా ఎక్కువ. జట్టుకొక స్వీటు డబ్బా, మూత లోపల లెక్క చీటీ: భూతద్దాలు రెండు, సిరంజిలు రెండు, గొట్టం ఒకటి, సెల్లులు రెండు, తీగలు రెండు. చీటీ చూసి లెక్క అప్పజెప్పే బాధ్యత జట్టులో ఒకరిది. సెల్లులను పట్టీ విప్పి, ప్లస్ కొస మీద టేపు అంటించి పెట్టాలి, లేకపోతే దారిలోనే తీగలు తగిలి అయిపోతాయి.