కడపలో గోల్డ్ లోన్: బిడ్డ ఫీజుకు ప్రైవేటు ఆఫీసులో నగలు కుదవ పెట్టిన లెక్క

కడపలో ఏడు రోడ్ల నుంచి ఏ పక్కకు నడిచినా గోల్డ్ లోన్ బోర్డు ఒకటి కనపడుతుంది. అందరి పాటా ఒకటే: గ్రాముకు అందరికన్నా ఎక్కువ, నిమిషాల్లో డబ్బు. నాది వై.వి. స్ట్రీట్ పక్కన చిన్న మ్యాచింగ్ సెంటర్. దసరాకు, సంక్రాంతికి సరుకు దింపుకోవాలంటే నగలు కుదవకు పోవడం, మళ్ళీ ఇంటికి రావడం మాకు మామూలే. ఒకప్పుడు సేటు అంగడికి పోయేవి, ఇప్పుడు ఏసీ ఆఫీసుకు పోతున్నాయి. ఈసారి సరుకు కోసం కాదు, పెద్దబిడ్డ ఇంజనీరింగ్ ఫీజు, హాస్టల్ డిపాజిట్ కోసం పెట్టినాను. కంపెనీ పేరు రాయను. అక్కడి మేనేజరు భార్య మా అంగట్లోనే జాకెట్టు ముక్కలు తీసుకుంటుంది.

మంచి సంగతి ముందు. తూకం నా కళ్ళ ముందే వేసినారు. ఇది వాళ్ళ మర్యాద కాదు, రూలు. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు బంగారం, వెండి తాకట్టు అప్పులకు కొత్త నియమాలు తెచ్చింది. 2026 ఏప్రిల్ 1 లోపల బ్యాంకులు, కంపెనీలు అన్నీ అమలు చేయాలంది. అప్పు తీసుకునే మనిషి ఎదురుగానే నాణ్యత చూడాలి, రాళ్ళు, లక్క బరువు ఎంత తీసేసినారో కాగితం మీద రాసివ్వాలి. నా హారానికి పచ్చలు, కెంపులు ఉన్నాయి. వాటి బరువు తీసేసి నికరం ఎంతో చూపించినారు. గాజులు ఎప్పుడో ప్రొద్దుటూరులో చేయించినవి, హాల్‌మార్క్ లేదు. గీటురాయి మీద గీసి, ఆసిడ్ వేసి చూసి, 22 క్యారెట్లకు కొంచెం తక్కువ కట్టినారు. కొన్న బిల్లు అడగలేదు, నగలు నావేనని సంతకం చేయించుకున్నారు, అంతే. ఈ నియమాల ముసాయిదా వచ్చినప్పుడు సొంతదారు రుజువు అడుగుతారని ఊరంతా గోల. అత్తగారు పెట్టిన గాజులకు బిల్లు ఎవరి దగ్గరుంటుంది? చివరికి సొంత ప్రకటన చాలన్నారు, బతికించినారు.

ధర దగ్గర చాలామంది గొడవ పడతారు. పొద్దున టీవీలో చూసిన రేటు వేరే, వీళ్ళు కట్టే రేటు వేరే అని. నా ముందున్న ఆయన అరిచి పోయినాడు కూడా. అందులో మోసం లేదు. ముప్పై రోజుల ముగింపు ధరల సరాసరి, నిన్నటి ముగింపు ధర, ఈ రెండిట్లో ఏది తక్కువో అదే కట్టాలి. బంగారం ఎగబాకేటప్పుడు నెల సరాసరి ఎప్పుడూ కిందనే ఉంటుంది. తరుగు, మజూరీ, జీఎస్టీ అని నగల అంగట్లో మనం ఇచ్చింది ఎటూ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు సంగతి. గోడ మీద పెద్ద అక్షరాలతో 85 శాతం అని ఉంది. రూలు నిజమే: అప్పు రెండున్నర లక్షల లోపు అయితే నగ విలువలో 85 శాతం దాకా, ఐదు లక్షల లోపు 80, ఆపైన 75. కానీ అసలూ వడ్డీ కలిపి ఏడాది చివర ఒకేసారి కట్టే అప్పు అయితే, ఆ 85లో వడ్డీ కూడా ఇమడాలి. గ్రాము 10,000 అనుకుందాం, 20 గ్రాములు, విలువ 2 లక్షలు. 85 శాతం అంటే 1,70,000. రూపాయి వడ్డీకి, అంటే ఏడాదికి 12 శాతానికి తీసుకుంటే చేతికి వచ్చేది 1,51,000 చిల్లర. రెండు రూపాయల వడ్డీ అయితే 1,37,000. వడ్డీ ఎక్కువైతే చేతికొచ్చేది తగ్గుతుంది, చూడండి. నెలనెలా వడ్డీ కట్టే పద్ధతిలో ఈ కోత ఉండదు. కౌంటర్లో పిల్లోడు ఇది చెప్పలేదు. నేనే కాలిక్యులేటర్ తీసి అడిగితే, "కరెక్టే మేడం" అన్నాడు నవ్వుతూ. ఇదంతా సొంత ఖర్చుకు తీసుకునే అప్పుకు. వ్యాపారానికని రాయిస్తే ఈ శాతాల పరిమితి వర్తించదు. అందుకే ఫారంలో "ఎందుకు" అన్న గడిని వాళ్ళను నింపనీయకండి, మీరే నింపండి.

రెండోది, వడ్డీ మెట్లు. మూడు స్కీములున్నాయి. గ్రాముకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చేదానికి వడ్డీ కూడా ఎక్కువ. పైగా నెలనెలా కట్టకుండా మూడు నెలలు దాటితే రూపాయి చిల్లర ఉన్న వడ్డీ రెండు రూపాయల దాకా ఎక్కుతుంది. ఇది అప్పు షరతుల కాగితంలో ఉంది, కాకపోతే ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. తెలుగులో ఇవ్వమంటే సిస్టంలో లేదన్నారు. రూలు ప్రకారం మన భాషలో ఇవ్వాలి కదా అంటే, లోపలికి పోయి, టీ తాగినంత సేపటికి తెలుగు కాగితం పట్టుకొచ్చినారు. ఉండేదే ఇవ్వడానికి ఇంత బడాయి ఎందుకో! దీనికి ఒక మార్కు కట్.

మేనేజరును ఒక మాట అడిగినాను. 2025లో రెపో రేటును, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, 6.50 శాతం నుంచి నాలుగు విడతల్లో 5.25కు దించినారు కదా, మీ బోర్డు మీద వడ్డీ కదల్లేదే అని. ఆయన సూటిగానే చెప్పినాడు. ఇండ్ల అప్పులకు బ్యాంకులు రెపోతో ముడి పెట్టాలి, మా అప్పుకు ఆ ముడి లేదు, ఏడాది లోపు తీరే అప్పు, రెపో ఎటు కదిలినా తీసుకున్న రోజు కాగితంలో రాసిన వడ్డీలే చివరిదాకా అన్నాడు. వాళ్ళకు డబ్బు బ్యాంకుల నుంచి, బాండ్ల నుంచి వస్తుంది, అక్కడ చవకైనా ఇక్కడ తగ్గించాలని ఎవరూ చెప్పలేదట. లెక్కేస్తే 1.25 శాతం అంటే నెలకు నూటికి పది పైసలు. అది దిగినా పెద్ద ఊరట కాదు. ఆఫీసుకు ఆఫీసుకు మధ్య తేడానే ముప్పావలా, రూపాయి ఉంటుంది. ముంబైలో రిజర్వ్ బ్యాంకు గవర్నరు ఏం చెప్పినాడో చూసేకన్నా పక్క వీధి బోర్డు చూడడం మేలు.

నగ విలువ ఇంత పెరిగినందుకు నాకూ సంతోషమే. 2022లో రష్యా యుద్ధం మొదలైనాక, ఆ దేశం బయట దాచుకున్న 300 బిలియన్ డాలర్ల దాకా సొమ్మును పడమటి దేశాలు స్తంభింపజేసినాయి. డాలర్లు దాచుకుంటే ఎప్పుడైనా తాళం వేస్తారన్న భయం మిగతా దేశాలకు పట్టుకుంది. 2022, 2023, 2024 వరుసగా మూడేళ్ళు ప్రపంచంలోని కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. మన రిజర్వ్ బ్యాంకు దగ్గర 2025 మార్చికి సుమారు 880 టన్నులు. 1991లో అదే బ్యాంకు దాదాపు 47 టన్నులు విదేశాల్లో కుదవ పెట్టి అప్పు తెచ్చింది. కుదవ పెట్టినామని సిగ్గుపడే మా చెల్లెలికి ఇదే చెప్తా ఉంటాను. 2025 అక్టోబరులో ఔన్సు బంగారం 4,000 డాలర్లు దాటింది. దాంతో అవే గాజులకు ఇప్పుడు నాలుగింతలు అప్పిస్తామని ఫోన్లు చేస్తున్నారు.

ఆ ఫోన్లకే నాకు భయం. 2013 ఏప్రిల్‌లో రెండు రోజుల్లో ధర పదో వంతు కన్నా ఎక్కువ పడిపోయింది. అప్పట్లో ఈ కంపెనీలు నగ విలువలో 60 శాతమే ఇవ్వాలని పరిమితి, 2014లో 75 చేసినారు. ఇప్పుడు 85 దాకా తీసుకున్నవాళ్ళకు అలాంటి దెబ్బ తగిలితే, అదనంగా కట్టమని ఫోను, కట్టకపోతే నోటీసు, తర్వాత వేలం. వేలంలో కనీస ధర ఆ రోజు విలువలో 90 శాతం ఉండాలి, మిగులు మనకు తిరిగివ్వాలి, నిజమే. కానీ అత్తగారి గాజులు పోయినాక మిగులు తెచ్చుకుని ఏం చేసుకుంటాం? అందుకే నేను 60 శాతం దగ్గర ఆగినాను, నెలనెలా వడ్డీ కట్టే స్కీము తీసుకున్నాను. పిల్లోడు ఇంకో నలభై వేలు వస్తుంది మేడం అని మూడుసార్లన్నా అన్నాడు.

ప్రభుత్వ బ్యాంకులో అడిగితే ముప్పావలా వడ్డీకే వచ్చేది. అక్కడ బంగారం నాణ్యత చూసి విలువ కట్టే అప్రైజర్ ఎప్పుడొస్తాడో చెప్పేవాళ్ళు లేరు, ఫీజు గడువు దగ్గర పడింది. మీకు వారం పది రోజులు టైముంటే బ్యాంకుకే పోండి.

మొత్తానికి ఐదుకు మూడు. డబ్బు నేను కుర్చీలోంచి లేవకముందే అకౌంట్లో పడింది, 20,000 దాటితే చేతికి నగదు ఇవ్వరు. ఆడవాళ్ళు కూర్చోడానికి చోటుంది, నీళ్ళున్నాయి, బండి పెట్టుకోడానికి మాత్రం స్థలం లేదు. సోమవారం పొద్దున పోవద్దు, జనం ఎక్కువ. అప్పు తీరినాక ఏడు పని దినాల్లోపు నగలు చేతికివ్వాలి, వాళ్ళ తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 మనకే కట్టాలి. నావి విడిపించినాక ఎన్నాళ్ళకు ఇచ్చినారో కింద రాస్తాను.