సిరిమాను చూడాలంటే సోమవారమే విజయనగరం చేరండి

విజయదశమి దాటాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం: పొడవాటి చింతమాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పండగ. చాలామంది ఆ మధ్యాహ్నం దిగి, చీకటి పడ్డాక వెనక్కి పోతారు. అలా వస్తే మిగిలేది తోపులాటే. ముందురోజు సోమవారం తోలేళ్ళు అనే వేడుక. అమ్మవారి ముందు పెట్టిన విత్తనాలను ఆ రాత్రి రైతులకు పంచుతారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఆ గుప్పెడు గింజలు కొంగున ముడివేసుకుని తీసుకెళ్ళి, తమ విత్తనంలో కలిపి చల్లుతారు. పండగ అసలు ఎవరిదో అక్కడ తెలుస్తుంది.

బస విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. స్టేషన్‌కు దగ్గరలో ఓ లాడ్జీ ఫోన్‌లో రోజుకు 1,200 అని చెప్పి, మా దగ్గర 500 అడ్వాన్సు తీసుకుంది. తీరా వెళ్తే ‘పండగ రేటు’ 2,800 అన్నారు. రసీదు అడిగితే అడ్వాన్సు ఊసే లేదు. బాత్రూములో నీళ్ళు సాయంత్రం ఆరింటికే ఆగిపోయాయి. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తయ్యకు మూడో అంతస్తు గది ఇచ్చారు; ఆవిడ రెండు రోజులూ ముఖం ముడుచుకునే ఉన్నారు, తప్పు ఆవిడది కాదు. డబ్బు కట్టేముందే తేదీ, అద్దె, అంతస్తు రాసిన మెసేజ్ తెప్పించుకోండి. గది దొరక్కపోతే విశాఖలో ఉండటమే మేలు. దూరం 60 కిలోమీటర్లు, రైలుకు సుమారు గంట. మంగళవారం ఊళ్ళోకి బళ్ళు రానివ్వరు కాబట్టి సొంత కారు వద్దు.

ఇక నిలబడే చోటు. అందరూ మూడు లాంతర్ల కూడలి దగ్గర చదురుగుడి, అంటే ఊళ్ళోని అమ్మవారి గుడి ముందుకే ఎగబడతారు. సిరిమాను మలుపు తిరిగేది అక్కడే, జనం ఒత్తిడీ అక్కడే. గుడికీ కోటకూ మధ్య అది మూడుసార్లు వెళ్ళి వస్తుంది. దారి మధ్యలో నిలబడితే ఆరుసార్లు మీ ముందు నుంచే పోతుంది. మేడ మీద చోటుకు మనిషికి 300 అడుగుతారు. పిట్టగోడ నడుమెత్తు ఉందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకండి. పిల్లల్ని అసలే ఎక్కించకండి.

మూడు గంటలకని చెప్పినా కదిలేసరికి ఆలస్యమవుతుంది. ఒంటిగంటకల్లా భోజనం ముగించి, నీళ్ళ సీసా పట్టుకుని చోటు చూసుకోవాలి. సిరిమానుకు ముందు ఊరేగింపుగా పాలధార, తెల్ల ఏనుగు బొమ్మ, అంజలి రథం, బెస్తవారి వల వస్తాయి. వల ఎందుకని పిల్లలు అడుగుతారు: అమ్మవారి విగ్రహాన్ని పెద్ద చెరువులోంచి తీసింది బెస్తవాళ్ళ సాయంతోనే అని చెప్తారు. 1757 బొబ్బిలి యుద్ధం ముగిసిన వెంటనే హతుడైన విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలే పైడితల్లి అన్నది ఇక్కడి నమ్మకం.

తర్వాత సిరిమాను. యాభై అడుగులు దాటిన చింతమాను. ఏ తోటలో ఏ చెట్టో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందంటారు. మొదలు బండి మీద, ఇరుసుగా పనిచేసే మరో మానుకు (ఇరుసుమానుకు) బిగించి ఉంటుంది. కొస ఆకాశంలోకి లేచి ఉంటుంది, ఆ కొసన కట్టిన పీట మీద పూజారి. బండి గతుకులో పడినప్పుడల్లా కొస ఊగుతుంది, కింద వేలమంది ఒక్కసారిగా ‘జై పైడిమాంబ’ అంటారు. ఆ క్షణాన జనం విసిరే అరటిపళ్ళు వానలా లేస్తాయి. కళ్ళద్దాలున్నవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టుకోండి. కింద పడ్డ పళ్ళ మీద కాలు జారి పడటమే ఇక్కడ మామూలుగా తగిలే దెబ్బ. పట్టు ఉన్న చెప్పులే వేసుకోండి.

మంగళవారం పొద్దున ఖాళీ సమయం ఉంటుంది. స్టేషన్ దగ్గర అమ్మవారి మరో గుడి, వనంగుడి చూసుకోవచ్చు. కోట పక్కన, 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల బయటి నుంచైనా చూడదగ్గదే. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. గురజాడ ఇల్లూ దగ్గరే.

నడవలేని పెద్దవాళ్ళుంటే వారం ఆగి రండి. తర్వాతి మంగళవారం పెద్ద చెరువులో తెప్పోత్సవం జరుగుతుంది. గట్టు మీద కూర్చునే చూడొచ్చు. అత్తయ్యను అప్పుడే తీసుకురావాల్సింది.