లేహ్‌కు పోవాలా, స్పితికి పోవాలా?

ఏప్రిల్ వచ్చిందంటే మా స్టాఫ్‌రూమ్‌లో ఒకటే ప్రశ్న. "మేడం, మీరు రెండూ చూశారు కదా, లేహ్‌కు పొమ్మంటారా, స్పితికి పొమ్మంటారా?" మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ కింద కూరగాయల బండి దగ్గర నిలబడ్డా ఇదే ప్రశ్న. నా దగ్గర చదువుకుని ఇప్పుడు హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు కూడా ఫోన్ చేసి అడుగుతుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పేకంటే మొత్తం ఒకసారి రాసి పెట్టడం నయమనిపించింది.

లేహ్ లడఖ్‌లో ఉంది, స్పితి హిమాచల్ ప్రదేశ్‌లో. ఫొటోల్లో రెండూ ఒకలాగే ఉంటాయి. చెట్టు లేని కొండలు, నీలం ఆకాశం, తెల్లటి బౌద్ధ మఠాలు. రెండూ చలి ఎడారులే. రుతుపవనాల మేఘాలను హిమాలయాలు దక్షిణం వైపే ఆపేస్తాయి. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్ల వాన. మన హైదరాబాద్‌లో ఆగస్టులో ఒక్క గట్టి వాన పడితే ఇంచుమించు అంత పడుతుంది.

సోషల్ టీచర్‌ని కాబట్టి నేను ముందు జనాభా లెక్కలు చూస్తాను. స్పితి లోయ లాహౌల్-స్పితి జిల్లాలో ఒక భాగం, ఇంకో భాగం లాహౌల్. 2011 లెక్కల్లో ఆ జిల్లా విస్తీర్ణం 13,841 చదరపు కిలోమీటర్లు, జనం 31,564 మంది. అంటే చదరపు కిలోమీటరుకు ఇద్దరు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాను గుర్తు చేసుకోండి. అది 16 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మనం అడవుల జిల్లా, జనం పల్చగా ఉండే జిల్లా అనుకునే ఆ ఆదిలాబాద్‌లోనే అప్పుడు 27 లక్షల మంది ఉన్నారు. హైదరాబాద్ జిల్లాలోనైతే చదరపు కిలోమీటరుకు 18 వేల మంది. ఆ లెక్కన లాహౌల్-స్పితి జిల్లా జనమంతా మన దగ్గర రెండు చదరపు కిలోమీటర్లలోపే సర్దుకుంటారు.

లేహ్ జిల్లా ఇంకా పెద్దది. అదే లెక్కల్లో 45,110 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నలభై శాతం. జనం 1,33,487. చదరపు కిలోమీటరుకు ముగ్గురు. (ఈ జిల్లా నుంచి నుబ్రా, చాంగ్‌తాంగ్ లాంటివి విడదీసి కొత్త జిల్లాలు చేస్తామని 2024లో కేంద్రం ప్రకటించింది. నేను పాత జిల్లా లెక్కే చెబుతున్నాను.)

ఇద్దరు, ముగ్గురు. ఈ అంకెలు చూసి మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ "రెండూ ఒకటే కదా మేడం, విమానం ఉన్నచోటికే పోదాం" అంటారు. నేను వాళ్లతో ఒప్పుకోనిది ఇక్కడే. జనసాంద్రత సగటు మాత్రమే. ఆ కొద్దిమందీ ఎక్కడ ఉన్నారన్నది ఆ అంకె చెప్పదు. నా దృష్టిలో మీ యాత్ర ఎలా ఉంటుందో తేల్చేది అదే.

లేహ్ జిల్లాలో మూడోవంతు జనం పట్టణవాసులు. ఒక్క లేహ్ పట్టణంలోనే 2011లో 30,870 మంది ఉన్నారు. లాహౌల్-స్పితి జిల్లా మొత్తం జనం, లేహ్ అనే ఒక్క ఊరి జనం దాదాపు సమానం! లేహ్‌లో విమానాశ్రయం ఉంది, పెద్ద బజారు ఉంది, వందల హోటళ్లున్నాయి. సింధు నది ఒడ్డున చాలా దూరం సైనిక శిబిరాలే కనిపిస్తాయి. ఆ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 690 మంది ఆడవాళ్లని లెక్కల్లో ఉంటుంది. క్లాసులో చెబితే పిల్లలు వెంటనే "ఆడపిల్లలను బతకనివ్వరా మేడం?" అని అడుగుతారు. అది కారణం కాదు. అక్కడ ఉన్న సైనికులను, జార్ఖండ్, బిహార్, నేపాల్ నుంచి రోడ్డు పనికి వచ్చిన కూలీలను కూడా కలిపి లెక్క రాస్తారు. అంటే ఆ "ముగ్గురి"లో పొలం దున్నుకుని, గొర్రెలు కాసుకుని ఆ నేల మీదే బతికేవాళ్లు మనం అనుకున్నంత మంది ఉండరు.

లాహౌల్-స్పితిలో పట్టణ జనాభా సున్నా. లెక్కల ప్రకారం నూటికి నూరుపాళ్లు గ్రామీణ జిల్లా. కేంద్రమైన కేలాంగ్ కూడా మన దగ్గర మండల కేంద్రమంత ఉండదు. స్పితి లోయ వరకే చూస్తే జనం పన్నెండు వేల పైచిలుకు. వాళ్లంతా చిన్న చిన్న పల్లెల్లో, నీటి పాయ ఎక్కడ దిగితే అక్కడ, పది ఇళ్లూ ఇరవై ఇళ్లుగా ఉంటారు. లేహ్‌లో ఖాళీ నేల చూడాలంటే ఊరు దాటి కారులో గంటలు పోవాలి, సాయంత్రానికి మళ్లీ హోటళ్ల మధ్యకే చేరతాం. స్పితిలో మనం ఉండే ఇల్లే ఆ ఖాళీ మధ్యలో ఉంటుంది.

మొన్నటి దసరా సెలవుల్లో మేము లాంగ్జా అనే పల్లెలో రెండు రాత్రులు ఉన్నాం. 4,400 మీటర్ల ఎత్తు. పైకప్పుల మీద గడ్డి మోపులు, ఎండిన పేడ పేర్చి ఉన్నాయి. చలికాలమంతా పశువులకు మేతా, పొయ్యికి వంటచెరకూ అవే. పచ్చి బఠాణీ కోతలు అయిపోయాయి. స్పితి రైతుకు చేతికి డబ్బు తెచ్చే పంట బఠాణీయే, బార్లీ ఇంటి తిండికి. మంచు కరిగిన నీళ్లను కాలువ తీసి పొలానికి తెచ్చుకుంటారు. ఆ కాలువను కూల్ అంటారు. కూల్ ఎంతవరకు పారితే పొలం అంతవరకే, ఊరూ అంతే. ఇల్లు గలావిడ మాకు రొట్టెలు కాలుస్తుంటే మా ఆయన తన హైదరాబాదీ హిందీలో "మీ ఊళ్లో చలికాలం ఎంతమంది ఉంటారు?" అని అడిగాడు. "ఇంటికి ఒకరో ఇద్దరో. పిల్లలు సిమ్లాలో చదువుకుంటున్నారు. పశువులను చూసుకోవాలి కదా, నేనూ మా అత్తా ఉంటాం" అంది. పదేళ్లుగా బోర్డు మీద "2" అని రాస్తున్నాను. ఆ అంకెలో ఎవరున్నారో ఆ పొయ్యి దగ్గర కూర్చున్నాకే నాకు తెలిసింది.

జనం ఎందుకంత తక్కువ అంటే చలి ఒక్కటే కారణం కాదు. సాగయ్యే నేల చాలా కొంచెం. దాన్ని ముక్కలు కానివ్వకూడదని స్పితిలో పాతకాలం నుంచి ఒక కట్టుబాటు ఉంది. పొలం, పెద్ద ఇల్లు పెద్ద కొడుక్కే వస్తాయి. తమ్ముళ్లు చాలామంది మఠంలో చేరిపోయేవారు. పెద్ద కొడుక్కి పెళ్లయి బాధ్యత తీసుకోగానే తల్లిదండ్రులు పక్కనున్న చిన్న ఇంటికి మారతారు. లడఖ్‌లో అన్నదమ్ములంతా ఒకే భార్యతో ఉండే ఆచారం కూడా నేల చీలకుండా కాపాడింది. దాన్ని 1941లో చట్టం చేసి ఆపారు. ఈ కట్టుబాట్లు తెలియకుండా స్పితిలోని కీ మఠం ముందు నిలబడితే అందమైన కట్టడం మాత్రమే కనిపిస్తుంది. తెలిసి నిలబడితే, ఆ గదుల్లోకి తరతరాలుగా వెళ్లిన తమ్ముళ్లు గుర్తొస్తారు. తాబో మఠమైతే క్రీ.శ. 996 నాటిది. అక్కడి మట్టి గోడల మీద చిత్రాలు చూడటానికి ఒక పూట ప్రత్యేకంగా పెట్టుకోండి.

ఇంకో విషయం. 2001లో లాహౌల్-స్పితి జనం 33,224. పదేళ్లలో తగ్గి 31,564 అయ్యారు. లాహౌల్ వాళ్లలో చాలామందికి కుల్లూ లోయలోనూ ఇళ్లున్నాయి. మంచు కురిసే ఊళ్లలో జనాన్ని మార్చిలో లెక్కపెట్టలేరు కాబట్టి ఆ ప్రాంతాలకు 2010 అక్టోబరు 1నే లెక్క తేదీగా పెట్టారు. 2027 జనగణనకూ అంతే, అక్కడ 2026 అక్టోబరు 1. ఈసారి ఆ అంకె పెరుగుతుందా తగ్గుతుందా అని నాకు నిజంగా ఆత్రంగా ఉంది. 2020 అక్టోబరులో రోహ్‌తాంగ్ కనుమ కింద 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక లాహౌల్‌కు చలికాలమూ దారి దొరికింది. స్పితికి మాత్రం ఆ మేలు అందలేదు. లాహౌల్‌కూ స్పితికీ మధ్య 4,500 మీటర్లు దాటిన కున్జుమ్ కనుమ ఉంది. అది మూసుకుంటే స్పితిలోని పెద్ద ఊరైన కాజా మనిషి తన సొంత జిల్లా కేంద్రమైన కేలాంగ్‌కు పోవడానికి కిన్నౌర్, సిమ్లా, మండి, మనాలి చుట్టి రావాలి.

ఇక అందరికీ టెన్షన్ పెట్టే ఎత్తు సంగతి. కాజా ఎత్తు లేహ్ కంటే తక్కువేమీ కాదు. లేహ్ 3,500 మీటర్లు, కాజా సుమారు 3,700. తేడా చేరుకునే తీరులో ఉంది. ఢిల్లీలో తెల్లవారుజామున విమానమెక్కితే గంటంబావులో లేహ్. ఆ ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. 540 మీటర్ల హైదరాబాద్‌కు అలవాటుపడిన ఒంటికి సర్దుకునే వ్యవధి ఉండదు. మేము ఎనిమిదేళ్ల కిందట లేహ్ వెళ్లినప్పుడు ట్రావెల్స్ వాళ్లు రెండో రోజే మమ్మల్ని ఖార్దుంగ్ లా కనుమ ఎక్కించారు. 5,359 మీటర్లు. మా ఆడపడుచుకు ముందు రాత్రి నుంచే తలనొప్పి. "నిద్ర చాలలేదులే వదినా" అని సర్దిచెప్పుకుంది. పైకి వెళ్లేసరికి వాంతులు, కాళ్ల మీద నిలబడలేకపోయింది. బండి వెనక్కి తిప్పించి లేహ్ ఆసుపత్రికి తెచ్చాం. ఎత్తు జబ్బు రోజూ చూసే డాక్టర్లు కాబట్టి వెంటనే ఆక్సిజన్ పెట్టారు, మర్నాటికి తేరుకుంది. ఆ రాత్రి నాకు కలిగిన భయం ఇప్పటికీ పోలేదు. లేహ్‌లో దిగాక రెండు రోజులు ఊరు దాటకండి. ప్లాన్‌లో అలా లేకపోతే మార్పించండి, మార్చకపోతే వేరే వాళ్లను చూసుకోండి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే డైమాక్స్ మాత్రలు మీ డాక్టరును అడగకుండా వేసుకోవద్దు.

స్పితికి సిమ్లా వైపు నుంచి పోతే ఎత్తు కొంచెం కొంచెంగా వస్తుంది. మొదటి రాత్రి సిమ్లా, 2,200 మీటర్లు. తర్వాత సరాహన్, ఆ తర్వాత దాదాపు 2,960 మీటర్ల కల్పా, ఆ తర్వాత 3,280 మీటర్ల తాబో, ఐదో రాత్రికి కాజా. దారిలో నాకో అనే ఊరు బాగుంటుంది కానీ అది తాబో కంటే ఎత్తు, అక్కడ పడుకోకుండా చూసి ముందుకు పోండి. మేము అలాగే వెళ్లాం, ఒక్కరికీ మాత్ర అవసరం పడలేదు. మనాలి నుంచి కున్జుమ్ మీదుగా ఒక్క రోజులో కాజా చేరాలనుకోవడం మాత్రం విమానంలో లేహ్ వెళ్లినట్టే, పైగా రోడ్డు ఘోరం.

అయితే ఒక మాట దాచకూడదు. ఒంట్లో బాగాలేకపోతే లేహ్‌లో పెద్ద ఆసుపత్రి ఉంది, మర్నాడు ఢిల్లీకి విమానం ఉంది. కాజాలో చిన్న ఆసుపత్రి, ఆ పైన రోజుల తరబడి ఘాట్ రోడ్డు. నాకో దగ్గర మల్లింగ్ వాగులో కొండచరియ జారితే ఆ రోడ్డూ ఉండదు. ఇది కూడా ఆ "ఇద్దరు" అన్న అంకెలోంచి వచ్చేదే. జనం లేనిచోట ఆసుపత్రి ఉండదు. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లను, ఏడాది రెండేళ్ల పిల్లలను స్పితికి తీసుకుపోవద్దు.

మన బడి సెలవులూ చూసుకోవాలి. జూన్ 12కల్లా మనం స్కూల్లో ఉండాలి. కున్జుమ్ తెరిచేసరికి చాలా ఏళ్లు మే చివరో జూనో అవుతుంది. కాబట్టి వేసవి సెలవుల్లో స్పితి అంటే కిన్నౌర్ దారిలో వెళ్లి కిన్నౌర్ దారిలోనే రావడం, పన్నెండు రోజులు కావాలి. ఆరేడు రోజులే ఉంటే లేహ్ తప్ప వేరే దారి లేదు. అప్పుడు కూడా పాంగాంగ్ సరస్సు, నుబ్రా లోయ రెండూ అనుకోకుండా ఒక్కటే పెట్టుకోండి. సింధు ఒడ్డున షామ్ వైపు పల్లెల్లో, ఎవరింట్లోనైనా ఒక రాత్రి ఉండగలిగితే ఉండండి.

కిన్నౌర్ ఒక్కటే చాలు అనుకునేవాళ్లకు కల్పా హాయి. ఆపిల్ తోటలు, ఎదురుగా కిన్నర్ కైలాస్. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను అదే చెబుతాను. జనం ఇంకా తక్కువున్నచోటు కావాలంటే అరుణాచల్‌లో దిబాంగ్ వ్యాలీ ఉంది, 9,129 చదరపు కిలోమీటర్లకు 8,004 మంది. అది చలి ఎడారి కాదు, వాన అడవి. బయటివాళ్లు వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ అనే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. నేను వెళ్లలేదు.

మొన్న మా మ్యాథ్స్ మేడం మళ్లీ అడిగారు. ఆమె, వాళ్లాయన, ఇంటర్ చదివే కొడుకు. ముగ్గురికీ ఆరోగ్యం బాగుంది, దసరాకు సెలవులు సర్దుకోగలరు. స్పితికి పొమ్మన్నాను. సిమ్లా నుంచి ఎక్కి, కున్జుమ్ అప్పటికి తెరిచి ఉంటే చంద్రతాల్ సరస్సు చూసుకుని మనాలిలో దిగమన్నాను. లాంగ్జాలో మేమున్న ఇంటావిడ ఫోన్ నంబరు ఇచ్చాను. ఆవిడ కోసం ఇక్కడి నుంచి ఆవకాయ సీసా ఒకటి కూడా పంపిస్తున్నాను, పోయినసారి రొట్టెలో నంజుకుని ఇష్టంగా తింది.