పెట్టె నిండా వాచీలున్నా రోజూ చేతికి ఎక్కేది ఇదే: సిటిజన్ ఎకో-డ్రైవ్ బీఎం8180 రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ ఎకో-డ్రైవ్ (సిటిజన్ కంపెనీ వెలుతురుతో చార్జ్ అయ్యే వాచీ) కొత్త మోడల్ కాదు, అరుదైనదీ కాదు. ఎన్నో ఏళ్లుగా దొరుకుతున్న మామూలు ఫీల్డ్ వాచ్, అంటే సైనికుల వాచీల తరహాలో పెద్ద అంకెలతో సాదాగా ఉండేది. వాచీలు సేకరించేవాళ్ల దగ్గర దీని పేరెత్తితే "మొదటి వాచీగా బాగుంటుంది" అని ఒక్క మాట అనేసి వేరే విషయంలోకి వెళ్లిపోతారు. నా దగ్గర డైవర్లు (నీళ్లలో మునగడానికి చేసినవి), క్రోనోగ్రాఫులు (స్టాప్‌వాచ్ ఉన్నవి), కీ ఇచ్చే పాతవి, డ్రెస్ వాచీలు అన్నీ చేరాక కూడా పొద్దున హడావుడిలో నా చెయ్యి నేరుగా వెళ్లేది దీని మీదకే. ఎందుకిలా అని కాస్త నిదానంగా ఆలోచిస్తే, ఇకమీదట వాచీ కొనేటప్పుడు ఏం చూడాలో కూడా తేలింది. అందుకే ఈ రివ్యూలో వాచీ ఎంత ఉంటుందో కొనే పద్ధతీ అంతే ఉంటుంది.

అసలు సంగతి ఆగిపోయిన ఆటోమేటిక్‌తో, అంటే చేతి కదలికకే కీ ఎక్కే వాచీతో, మొదలవుతుంది. సెయికో 5 స్పోర్ట్స్ తీసుకోండి, లోపల 4ఆర్36 మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం), నాకు చాలా ఇష్టం. పూర్తిగా కీ ఎక్కి ఉంటే సుమారు 41 గంటలు నడుస్తుంది, అంటే శుక్రవారం సాయంత్రం తీసి పెడితే ఆదివారం మధ్యాహ్నానికల్లా ఆగిపోతుంది. సోమవారం పొద్దున దాన్ని పెట్టుకోవాలంటే ముందు కీ ఇవ్వాలి, తర్వాత క్రౌన్ (పక్కన ఉండే తిప్పుడు మర) లాగి ముళ్లు తిప్పుతూ తేదీ ఎప్పుడు మారుతుందో చూడాలి, అప్పుడు గానీ వాచీ లెక్కలో అది పగలో రాత్రో తెలియదు. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 దాకా తేదీ మార్చే పళ్ల చక్రం పట్టులో ఉంటుంది, ఆ వేళలో తేదీని విడిగా తిప్పితే పళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకని ముళ్లని ఆ గంటలు దాటించి, నిన్నటి తేదీ, నిన్నటి వారం పెట్టి, మళ్లీ ముందుకు తిప్పుకుంటూ ఇవాళ్టి టైముకి తేవాలి. సెలవు రోజున ఇదంతా నాకు సరదానే, ఆ క్రౌన్ వేళ్ల మధ్య తిరుగుతుంటే వచ్చే మెత్తటి గరగర కోసమే ఒక్కోసారి వాచీ తీస్తాను. ఆఫీసుకి టైమైపోతున్నప్పుడు మాత్రం ఎవరికి ఓపిక?

బీఎం8180తో ఆ గొడవే లేదు. తీయగానే టైమ్ కరెక్టుగా ఉంటుంది, తేదీ, వారం కూడా. డయల్ గుండా దిగిన వెలుతురుని కింద ఉన్న సోలార్ సెల్ పట్టుకుని లోపలి సెల్‌ని చార్జ్ చేస్తుంది, గదిలో లైటు వెలుతురు కూడా పనికొస్తుంది గానీ ఎండలో నిమిషాల్లో అయ్యే పనికి అక్కడ గంటలు పడుతుంది. నిండా చార్జ్ అయితే చీకట్లో కూడా సుమారు ఆరు నెలలు నడుస్తుంది. చార్జ్ బాగా తగ్గితే సెకన్ల ముల్లు ఒక్కో సెకనుకి కాకుండా రెండు సెకన్లకోసారి దూకుతుంది, అంటే ఆగిపోయే ముందే మనకు చెబుతుందన్నమాట. మామూలు క్వార్ట్జ్‌లా రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ కోసం వెనక మూత తీయించే పని లేదు, మూత తీసిన ప్రతిసారీ లోపలి రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందా, నీళ్లు పోతాయా అనే టెన్షనూ లేదు. ఒక్క జాగ్రత్త: కలెక్షన్ ఉన్నవాళ్లు దీన్ని కూడా మిగతావాటితో పాటు మూత ఉన్న పెట్టెలో పెట్టేస్తారు, అలా నెలల తరబడి ఉంచొద్దు. నాది బయట షెల్ఫ్ మీదే ఉంటుంది, బహుశా ముందుగా కనబడటం వల్ల కూడా ఎక్కువ పెట్టుకుంటున్నానేమో.

సైజు 37 మిల్లీమీటర్లు. అంకె చూసి చిన్నదనుకోకండి, డయల్ నిండా పెద్ద తెల్ల అంకెలు, బెల్టు తగిలించే కొమ్ములు పొట్టివి, చేతి మీద చక్కగా అతుక్కుని కూర్చుంటుంది. మనవాళ్లు వాచీ కొనేటప్పుడు చూసేది డయామీటర్ ఒక్కటే. నిజానికి పై కొమ్ము చివర నుంచి కింది కొమ్ము చివర దాకా ఉన్న పొడవు, దాంతో పాటు మందం, ఈ రెండే రోజువారీ సుఖాన్ని తేలుస్తాయి. పైన చెప్పిన సెయికో 42.5 మిల్లీమీటర్ల వెడల్పు, 13.4 మందం. వారాంతంలో టీషర్టు మీదకి భలే ఉంటుంది, షర్టు కఫ్ కిందకి మాత్రం దూరదు, ల్యాప్‌టాప్ అంచుకి తగులుతూనే ఉంటుంది. టైప్ చేసేటప్పుడు తీసి పక్కన పెట్టాల్సొచ్చే వాచీ మనం నిజంగా పెట్టుకునే వాచీ కాదు.

ఇక దీని లోపాలు. అద్దం గీతలు సులువుగా పడని సఫైర్ కాదు, మామూలు మినరల్ గాజు. నాదాని మీద 8 అంకె పక్కన సన్నటి గీత ఒకటి పడింది, వెలుతురు పక్కనుంచి పడితే కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన గుడ్డ బెల్టు మొదట్లో బిరుసుగా ఉంటుంది, చెమట పడితే వాసన పట్టేస్తుంది, నేను వెంటనే మార్చేశాను. బెల్టు వెడల్పు 18 మిల్లీమీటర్లు కాబట్టి నైలాన్, లెదర్ బెల్టులు బోలెడు దొరుకుతాయి, బెల్టు మారిస్తే కొత్త వాచీ కొన్నంత ఉత్సాహం వస్తుంది, ఇది అక్షరాలా నిజం. రాత్రి నిశ్శబ్దంగా ఉంటే టిక్ టిక్ వినబడుతుంది, నిద్ర పలచగా పట్టేవాళ్లు మంచం పక్కన పెట్టుకోకండి. 31 రోజులు లేని నెలల తర్వాత తేదీ మనమే మార్చాలి, ఏడాదికి ఐదుసార్లు. 100 మీటర్ల వాటర్ రెసిస్టెన్స్ ఉంది గనక ఈతకీ వర్షానికీ భయం లేదు. 30 మీటర్లని రాసి ఉన్న వాచీలు నీటి తుంపర్ల వరకే, వాటితో ఈతకి దిగకండి.

ఇది రోజూ పెట్టుకోవడం మొదలయ్యాక నా కొనుగోళ్లలో చాలా మారింది. ఇంతకుముందు రెండు డైవర్ల మధ్య బెజెల్ (డయల్ చుట్టూ ఉండే రింగు) రంగు తేడా ఉంటే చాలు, రెండూ కావాలనిపించేది. ఇప్పుడు ఆ రెండోది ఏ రోజున, ఏ వాచీని పక్కనపెట్టి చేతికి ఎక్కుతుంది అని అడుగుతున్నాను, జవాబు రాకపోతే వదిలేస్తున్నాను. ఒకే పని చేసే డైవర్లలో ఒకటి ఉంచుకుని మిగతావి ఇష్టపడేవాళ్లకి ఇచ్చేశాను. మెకానికల్ మీద ప్రేమ తగ్గిందనుకోకండి. హామిల్టన్ ఖాకీ ఫీల్డ్ మెకానికల్ చూడండి, చేత్తో కీ ఇచ్చేది, 80 గంటలు నడుస్తుంది, తేదీ లేదు. ఆగిపోయినా ముళ్లు తిప్పి కీ ఇస్తే అయిపోయె, పైన చెప్పిన తతంగమేదీ అక్కర్లేదు. తేదీ, వారం రెండూ ఉన్న ఆటోమేటిక్ కన్నా అదే ఎక్కువసార్లు చేతికి వస్తుంది. స్పెక్ షీట్ చూస్తే తేదీ లేకపోవడం లోటులా ఉంటుంది, పది వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాడికి మాత్రం అదే పెద్ద సుఖం.

మెరిసే స్టీల్ బ్రేస్‌లెట్ కావాలన్నా, సెకన్ల ముల్లు జారుతున్నట్టు నడవాలన్నా బీఎం8180 మీకు నచ్చదు, బలవంతంగా కొనకండి. కొనేవాళ్లు మాత్రం వచ్చిన రోజు వెంటనే టైమ్ పెట్టేయకుండా, కిటికీ దగ్గర మరీ వేడెక్కని చోట కొన్ని గంటలు వెలుతురు తగలనివ్వండి. సెకన్ల ముల్లు ఒక్కో సెకనుకి మామూలుగా నడుస్తోందని చూసుకున్నాకే టైమ్, తేదీ పెట్టుకోండి.