మిడి కీబోర్డు, కంప్యూటర్ జోడీ: ఆరేళ్లు వాడాక

మిడి అంటే ఏ మీట నొక్కారో, ఎంత గట్టిగా నొక్కారో వాద్యం నుంచి కంప్యూటర్‌కు చెప్పే భాష. యూఎస్‌బీ మీద నడిచే 49 మీటల కీబోర్డు ఒకటి. వెనక ఐదు పిన్నుల గుండ్రటి మిడి సాకెట్లే తప్ప యూఎస్‌బీ లేని పాత డిజిటల్ పియానో ఇంకొకటి. ఈ రెంటినీ ఆరేళ్లుగా విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ తగిలించి వాడిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్పేస్తాను: ఏ కీబోర్డు కొనాలా అని పడే తర్జనభర్జనలో పావు వంతు కేబుల్ మీదా, బఫర్ (కంప్యూటర్ శబ్దాన్ని పోగు చేసి ఒక్కసారిగా పంపే ముక్క) మీదా పెడితే చాలు, తలనొప్పుల్లో చాలావరకు మొదలే కావు.

కొత్తవాళ్లు బోల్తా పడేది ఒకచోట. ఆ 49 మీటల దానిలాంటి కీబోర్డులో సొంత శబ్దం ఉండదు. మిడిల్ సి (కీబోర్డు నడిమి సి స్వరం) నొక్కితే కేబుల్ గుండా వెళ్లేవి మూడంటే మూడు అంకెలు: 144, 60, 90. ఒకటో ఛానెల్‌లో (ఒకే కేబుల్‌లో సాగే విడి దారుల్లో మొదటిది) నోటు మొదలైందని మొదటిది చెబుతుంది, ఏ మీటో రెండోది, ఎంత గట్టిగా కొట్టారో మూడోది. ఈ మూడోది 1 నుంచి 127 దాకా మారుతుంది. వీటిని శబ్దంగా మార్చే పని కంప్యూటర్‌లోని ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్‌ది. అందుకే మోగనప్పుడు ముందు తేల్చుకోవాల్సింది అంకెలు వస్తున్నాయా లేదా అన్నది. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఒక మీట నొక్కండి. అంకెల వరుస కనబడిందా, కేబుల్, పోర్ట్, డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) మూడూ బాగున్నట్టే. ఇక లోపం రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వెతకాలి: ట్రాక్ ఆర్మ్ చేయలేదు (రికార్డుకు సిద్ధం చేయలేదు), మానిటరింగ్ (వాయిస్తుండగానే వినిపించే సదుపాయం) ఆపి ఉంది, లేదా ట్రాక్ వేరే ఛానెల్ వింటోంది. అన్నట్టు, ఇదే 60వ నోటును కొన్ని సాఫ్ట్‌వేర్లు సి3 అంటాయి, కొన్ని సి4 అంటాయి. తెర మీద పేరు ఒక ఆక్టేవ్ (స్థాయి) తేడాగా కనబడితే కీబోర్డును తిట్టుకోనక్కర్లేదు.

యూఎస్‌బీ కీబోర్డుల్లో ఎక్కువ వాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు, గుచ్చితే చాలు. అయితే గుచ్చే కేబులే అసలు చిక్కు. ఫోన్ ఛార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. కీబోర్డు లైట్లు చక్కగా వెలుగుతాయి, కంప్యూటర్‌కు మాత్రం అది అక్కడ ఉన్నట్టే తెలియదు. లైటు వెలిగింది కదా అని అందరూ కేబుల్‌ను వదిలేసి డ్రైవర్ల వెంట పడతారు. ముందు కేబుల్ మార్చి చూడండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. సొంత అడాప్టర్ లేని హబ్‌లో హార్డ్ డిస్క్, ఆడియో ఇంటర్‌ఫేస్ (శబ్దాన్ని కంప్యూటర్‌లోకీ, బయటికీ చేరవేసే పెట్టె), కీబోర్డు మూడూ పెడితే వాయిస్తుండగా కీబోర్డు మాయమైపోవచ్చు. విండోస్‌లో కాసేపు ముట్టుకోకపోతే కనెక్షన్ పోతోందంటే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి, కరెంటు ఆదా కోసం పరికరాన్ని ఆపేయడానికి అనుమతిచ్చే టిక్ తీసేయాలి. విండోస్‌లోనే ఇంకొకటి: కొన్ని డ్రైవర్లు పోర్ట్‌ను ఒకసారికి ఒక్క ప్రోగ్రామ్‌కే ఇస్తాయి. పరీక్షించాక మిడి-ఆక్స్ మూసేయడం మరిచిపోతే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పోర్ట్ తెరుచుకోకపోవచ్చు. మ్యాక్‌లో ఈ బాధ లేదు.

అందరూ గోల పెట్టే లేటెన్సీ సంగతి. మీట నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తే నింద మిడి మీద పడుతుంది, చాలాసార్లు దానికి సంబంధమే ఉండదు. 1983లో వచ్చిన ఐదు పిన్నుల మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఆ నత్తనడకలో కూడా ఒక నోటు మెసేజ్‌కు పట్టేది ఒక మిల్లీసెకను లోపే. పది వేళ్లూ ఒకేసారి వేస్తే మొదటి నోటుకూ చివరిదానికీ మధ్య 5 నుంచి 9 మిల్లీసెకన్ల తేడా రావచ్చు, అంతే. అసలు ఆలస్యం ఆడియో బఫర్‌లో ఉంటుంది. 44,100 శాంపిల్ రేటు (సెకనుకు అన్ని శబ్దపు కొలతలు) దగ్గర 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.9 మిల్లీసెకన్లు, 256 అంటే 5.8, 512 అంటే 11.6, 1024 అంటే 23.2. డ్రైవర్ ఆలస్యం, అంకెల్ని శబ్దంగా మార్చే కన్వర్టర్ ఆలస్యం దీని మీద అదనం. నా వేళ్లకు 256 దాకా తేడా తెలియదు. 512 దగ్గర వేగంగా వాయిస్తే మీటలు బురదలో కూరుకుపోతున్నట్టు ఉంటుంది. కాబట్టి వాయించేటప్పుడు 128, మిక్సింగ్‌కు 1024. చిటపటలు వినబడితే ప్రాసెసర్‌కు ఊపిరాడటం లేదని అర్థం. వెంటనే బఫర్ పెంచేయకుండా, బరువైన ప్లగిన్లున్న ట్రాక్‌లను ఫ్రీజ్ చేసి (తాత్కాలికంగా ఆడియోగా మార్చి) చూడండి.

విండోస్ మామూలు సౌండ్ డ్రైవర్ మీద సాధారణంగా ఇంత తక్కువ ఆలస్యం రాదు, ఏసియో (తక్కువ ఆలస్యంతో ఆడియో నడిపే) డ్రైవర్ మేలు. ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే దాని తయారీదారు ఇచ్చిన ఏసియో, లేకపోతే ఉచితంగా దొరికే ఏసియో4ఆల్. ఏసియో4ఆల్‌తో పని జరుగుతుంది, కానీ అది సౌండ్ కార్డును పట్టుకున్నంతసేపూ బ్రౌజర్ మూగబోవచ్చు. ఇక బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని బఫర్ తగ్గించడం శుద్ధ దండగ, వాటి సొంత ఆలస్యమే అంతకన్నా ఎక్కువ. తీగ ఉన్న హెడ్‌ఫోన్లే పెట్టుకోవాలి.

పాత పియానోకు యూఎస్‌బీ మిడి కన్వర్టర్ కావాలి. ఇక్కడ చవకబేరం బెడిసికొట్టింది. మొదట తీసుకున్న పేరూ ఊరూ లేని కన్వర్టర్ కేబుల్ ఒక్కో నోటు బాగానే పంపేది. పెడల్ తొక్కి రెండు చేతులా వాయిస్తూ, మధ్యమధ్యలో పక్కనుండే వీల్ (చక్రం) తిప్పితే మెసేజ్‌లు మింగేసేది. మింగింది నోటు ఆపే మెసేజ్ అయితే ఆ నోటు ఇక మోగుతూనే ఉంటుంది. అప్పుడు మోగుతున్నవన్నీ ఆపేసే, సాఫ్ట్‌వేర్‌లోని ప్యానిక్ బటనే గతి. కొనేముందు ఇలా కలగాపులగంగా వాయించి పరీక్షించండి. ఈ కేబుళ్ల మీద రాతలూ తికమకే: సాధారణంగా 'ఇన్' అని ఉన్న ప్లగ్ పియానో 'అవుట్'లోకి వెళ్లాలి, కొన్నిటిలో రాత అటుదిటు. మోగకపోతే మార్చి గుచ్చండి, ఏమీ కాలిపోదు.

ఐదు పిన్నుల పద్ధతిని పాతదని తీసిపారేయను. అందుకునే వైపు ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది, అంటే సంకేతం కాంతి రూపంలో దాటుతుంది, రెండు పరికరాల మధ్య విద్యుత్ బంధం ఉండదు. పియానో ఆడియోను ఇంటర్‌ఫేస్‌కు ఇస్తూ, అదే పియానోను యూఎస్‌బీతో కూడా కలిపితే గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల గ్రౌండ్ తీగల గుండా తిరిగే కరెంటు) ఏర్పడి సన్నటి కీచు రావచ్చు. ఐదు పిన్నుల దారిలో ఆ బెడద లేదు.

ప్రతి నోటూ రెండుసార్లు వినబడుతుంటే పియానోలో లోకల్ కంట్రోల్ అనే సెట్టింగ్ ఆపేయండి. లేకపోతే పియానో సొంత గొంతూ, కంప్యూటర్ గొంతూ కలిసి పలుకుతాయి. సస్టైన్ పెడల్ తిరగబడి, అంటే వదిలితే మోగి, తొక్కితే ఆగుతుంటే, ఆన్ చేసేటప్పుడు దాని మీద కాలు ఉందన్నమాట. చాలా కీబోర్డులు ఆన్ అయిన క్షణంలో పెడల్ ఎలా ఉంటే అదే 'తొక్కని స్థితి' అనుకుంటాయి. ఆఫ్ చేసి, పెడల్ గుచ్చి, కాలు తీసి ఆన్ చేస్తే సరి.

నాలుగో ఏట 49 మీటల కీబోర్డులో ఒక మీట పూనకం వచ్చినట్టు ప్రవర్తించింది. మెల్లగా ముట్టుకున్నా మిడి మానిటర్‌లో 127 కనబడేది. మీట కింద రబ్బరు పట్టీలో రెండు కార్బన్ బిళ్లలు ఒకదాని తర్వాత ఒకటి తగులుతాయి. ఆ రెంటి మధ్య వ్యవధి ఎంత తక్కువైతే అంత గట్టిగా కొట్టినట్టు లెక్క. మొదటి బిళ్ల మీద దుమ్ము పడితే అది ఆలస్యంగా తగిలి, వ్యవధి కుంచించుకుపోతుంది. రెండోదాని మీద పడితే అసలు మోగదు. విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో బోర్డు మీది గీతల్నీ, రబ్బరు బిళ్లల్నీ మెత్తగా తుడిస్తే కుదురుకుంది. గట్టిగా రుద్దితే కార్బన్ ఊడుతుంది. ఇలాంటి వాటిలో స్క్రూలు రెండు మూడు పొడవుల్లో ఉంటాయి, పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే పై ప్లాస్టిక్‌ను పొడుచుకొస్తుంది. విప్పేముందు ఏది ఎక్కడిదో ఫోటో తీసుకోండి.