గెడ్డ పారుతుండగానే గొట్టం దాటించిన గుత్తేదారు పనితీరు

విజయనగరం జిల్లాలో, చంపావతి నదిలో కలిసే మా గెడ్డ (వాగు) అడుగున 300 మిల్లీమీటర్ల తాగునీటి ఇనుప గొట్టాన్ని దాటించే పనిని ఒక స్థానిక గుత్తేదారు చేపట్టారు. పని సాగినన్నాళ్లూ పారే నీటిని ఎలా మళ్లించారన్నదే ఇక్కడ నేను పరిశీలిస్తున్న విషయం.

పనిని ఫిబ్రవరిలో మొదలుపెట్టడం సరైన నిర్ణయం. జూన్ వచ్చిందంటే నైరుతి వానలు, ఆ తరువాత తుపాన్లు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే ఉత్తరాంధ్రను దెబ్బతీశాయి. మాఘమాసానికి గెడ్డలో నీరు మోకాలి లోతుకు దిగుతుంది గానీ ఎండిపోదు. దిగువ మడులకూ చాకిరేవుకూ ఆ పారుదలే ఆధారం.

మొదట గొట్టం కోసం తవ్వే గొయ్యికి ఎగువన కట్ట వేసి, ఆగిన నీటిని డీజిల్ ఇంజన్లతో తోడి అవతల పోస్తామన్నారు. అర్ధరాత్రి ఇంజను ఆగితే కట్ట పొర్లి గొయ్యి నిండుతుందని, అందుకు అదనపు ఇంజనూ కాపలా మనిషీ తప్పవని లెక్క చూసుకున్నాక, తూరల (నీరు పారే పెద్ద గొట్టాల) పద్ధతికి మారారు. ఎగువనా దిగువనా ఇసుక బస్తాల కట్టలు వేసి, వెల్డింగ్ చేసిన పొడవాటి ఇనుప తూరలను వాటి గుండా అమర్చి, గెడ్డ నీరంతా ఆ తూరల్లోంచి దిగువకు పారేలా చేశారు. గొయ్యిని తూరల కిందే తవ్వి, గొట్టాలను ఆ సందులోంచి జొనిపి అతికారు. కట్ట ముఖాన పరిచిన ప్లాస్టిక్ పరదా అంచును పైపైన వదలకుండా, అడుగున గాడి తీసి బంకమన్నుతో తొక్కించడం నాకు బాగా నచ్చింది. అది చేయకపోతే నీరు కట్ట కింద నుంచి ఊరుతుంది. తూరల మూతి దగ్గర నీటి దూకుడుకు నేల కోసుకుపోకుండా గుండ్రాళ్లు కూడా పరిచారు.

గొట్టం చుట్టూ కాంక్రీటు పోయడాన్ని కొందరు దండగ ఖర్చన్నారు. ఆ మాట నిలవదు. ఈ పరిమాణపు గొట్టం మీటరుకు 83 కిలోల నీటిని పక్కకు నెడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు దాని బరువు అంతకంటే తక్కువ కాబట్టి, ఇనుపదైనా సరే, నీరు చేరిన గొయ్యిలో పైకి తేలుతుంది; కాంక్రీటు బరువే దాన్ని అణచి ఉంచుతుంది.

లోపం గొయ్యిలో ఊరిన నీటి విషయంలో జరిగింది. ఆ బురదనీటిని తోడి నేరుగా గెడ్డలోకే వదలడంతో చాకిరేవులో బట్టలు ఉతకడం కుదరలేదు. రేవు వారు వచ్చి నిలదీశాకే పంపు గొట్టాన్ని పక్కనున్న గడ్డి బీడులోకి మళ్లించారు, మన్ను అక్కడ పేరుకుని తేటనీరు మాత్రమే గెడ్డకు చేరింది. ఇంత సులువైన ఏర్పాటుకు గొడవ దాకా రానివ్వడం ఏ మాత్రం బాగోలేదు.

నీటిని తిరిగి వదిలేటప్పుడు మాత్రం దిగువ కట్టను ముందు తీసి, ఎగువ బస్తాలను వరుస తరువాత వరుసగా దించారు. తవ్విన ఒడ్డుకు రాతికట్టు ఇంకా పూర్తి కాలేదు. వీరికి పని ఇవ్వవచ్చు. అయితే బురదనీటిని ఎక్కడ వదలాలో ఒప్పందంలోనే రాయించుకుని, రాతికట్టు ముగిశాకే తుది బిల్లు చెల్లించాలి.