సెనేట్ టికెట్ కోసం సొంత పార్టీలోనే పోరు: తేల్చే పద్ధతుల్లో ఏది మేలు?

2022 మే 17న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ సెనేట్ ప్రైమరీ, అంటే పార్లమెంటు ఎగువసభకు పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక, జరిగింది. 13 లక్షలకు పైగా ఓట్లు పోలయ్యాయి. టీవీ డాక్టర్‌గా ఇంటింటికీ తెలిసిన మెహ్మెట్ ఓజ్‌కు 4,19,999 ఓట్లు వచ్చాయి. పెద్ద పెట్టుబడుల సంస్థను నడిపిన డేవిడ్ మెకార్మిక్‌కు 4,19,048 వచ్చాయి. తేడా 951. రీకౌంటింగ్ మొదలైంది. కవరు మీద తేదీ రాయని పోస్టల్ బ్యాలెట్లు లెక్కలోకి వస్తాయా రావా అని కోర్టుల్లో వాదనలు నడిచాయి. చివరికి జూన్ 3న మెకార్మిక్ ఓటమి ఒప్పుకున్నారు.

అందరూ ఆ 951 గురించే మాట్లాడుకున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ మింగుడుపడనిది ఇంకో అంకె. ఓజ్‌కు వచ్చింది 31 శాతం. సొంత పార్టీ ఓటర్లలోనే పదిమందిలో దాదాపు ఏడుగురు వేరేవాళ్లకు వేశారన్నమాట. మూడో స్థానంలో నిలిచిన క్యాథీ బార్నెట్‌కే దాదాపు 25 శాతం పడ్డాయి. మిగిలిన ఇద్దరిలో ఎవరైతే మీకు నయం అని ఆమె ఓటర్లను అడిగే ఏర్పాటే అక్కడ లేదు. నవంబరులో ఓజ్ డెమొక్రాట్ జాన్ ఫెటర్‌మన్ చేతిలో ఓడిపోయారు. రెండేళ్లకు మెకార్మిక్ అదే రాష్ట్రంలో డెమొక్రాట్ సెనేటర్ బాబ్ కేసీని ఓడించి సెనేటర్ అయ్యారు. 2022లోనే ఆయన నిలబడి ఉంటే గెలిచేవారని నేను అనను. ఆ ఏడు గాలి వేరు, ఎదుటి మనిషి వేరు. కానీ పార్టీలో మూడొంతుల్లో ఒక వంతు కూడా దాటని మనిషి పార్టీ అభ్యర్థి కావడం సబబేనా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

మన దగ్గర ఈ గొడవ ఉండదు. బీ-ఫారం ఎవరికన్నది అధిష్ఠానం చూసుకుంటుంది. దక్కనివాడు అనుచరులతో మీటింగ్ పెట్టుకుని రెబెల్‌గా నామినేషన్ వేస్తాడు, లేకపోతే సాయంత్రానికి కండువా మారుస్తాడు. అమెరికాలో ఆ బీ-ఫారం ఓటర్ల చేతిలో ఉంటుంది. సెనేటర్లు వందమందే, రాష్ట్రానికి ఇద్దరు, ఆరేళ్ల పదవి. పైగా చాలా రాష్ట్రాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు. అక్కడ ప్రైమరీ గెలిస్తే నవంబరు ఎన్నిక లాంఛనమే. అందుకే అసలు యుద్ధం పార్టీ లోపలే జరుగుతుంది, అందుకే అంత చేదుగా జరుగుతుంది. ఆ పోరును తేల్చే దారులు అక్కడ ప్రధానంగా మూడు కనిపిస్తాయి: పెన్సిల్వేనియాలోలా ఒక్క విడతలో ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లకే, దక్షిణాది రాష్ట్రాల్లోలా సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య రెండో పోలింగ్, అలాస్కాలోలా పార్టీ గోడలు తీసేసి నలుగురిని ముందుకు పంపి ప్రాధాన్యతా ఓట్లతో తేల్చడం.

రెండో పద్ధతి ఏం చేయగలదో చూడాలంటే 2014 మిసిసిపీని మించింది లేదు. థాడ్ కాక్రన్ 1978లో గెలిచినప్పటి నుంచీ రిపబ్లికన్ సెనేటర్. అప్పటికి 76 ఏళ్లు. 2005లో కత్రినా తుపాను తీరాన్ని ఊడ్చేసినప్పుడు నిధుల కేటాయింపు కమిటీకి ఛైర్మన్ ఆయనే, రాష్ట్రానికి వేల కోట్ల సాయం తెచ్చారు. ఎదురు నిలిచింది క్రిస్ మెక్‌డానియల్, నలభై దాటిన రాష్ట్ర సెనేటర్ (రాష్ట్ర చట్టసభ సభ్యుడు), టీ పార్టీ అనే రిపబ్లికన్లలోని ఖర్చు వ్యతిరేక వర్గం బలపరిచిన మనిషి. వాషింగ్టన్ నుంచి డబ్బు తేవడమే తప్పు, ఖర్చు తగ్గించాలి అన్నది ఆయన వాదం. ఇంతవరకూ అది నిజమైన సిద్ధాంతాల తగాదా. కానీ ఆ ఏప్రిల్‌లో, ఈస్టర్ ఆదివారం నాడు, మెక్‌డానియల్ అభిమాని అయిన ఒక బ్లాగర్ నర్సింగ్ హోమ్‌లోకి దూరి, మతిమరుపు వ్యాధితో ఏళ్ల తరబడి మంచాన ఉన్న కాక్రన్ భార్యను వీడియో తీశాడు. ప్రచారంలో వాడుకోవడానికి. అరెస్టులు జరిగాయి. తన ప్రచారానికి దీనితో సంబంధం లేదని మెక్‌డానియల్ అన్నారు. ఆ కేసులో అరెస్టయిన ఒక టీ పార్టీ కార్యకర్త ఆ తర్వాత ప్రాణం తీసుకున్నాడు. ఒక టికెట్ కోసం ఇంత జరగాలా అని ఇప్పుడు చదివినా బాధేస్తుంది.

జూన్ 3న పోలింగ్. మెక్‌డానియల్‌కు 49.5 శాతం, కాక్రన్‌కు 49. మూడో అభ్యర్థికి రెండు శాతం లోపు. పెన్సిల్వేనియా పద్ధతే అక్కడా ఉంటే ఆ రాత్రికే మెక్‌డానియల్ గెలిచినట్టు. కానీ మిసిసిపీ చట్టం సగం దాటాలంటుంది. ఎవరికీ పేరు తెలియని ఆ మూడో మనిషికి పడ్డ ఐదు వేల లోపు ఓట్లు మొత్తం రాష్ట్రాన్ని మళ్లీ పోలింగ్ బూత్‌కు నడిపించాయి. జూన్ 24న రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య రెండో పోలింగ్.

మామూలుగా రనాఫ్‌కు జనం తగ్గుతారు. ఇక్కడ పెరిగారు, దాదాపు 3 లక్షల 19 వేల నుంచి 3 లక్షల 82 వేలకు. మిసిసిపీలో ఓటరు ఏ పార్టీవాడో నమోదు ఉండదు. మొదటి విడతలో డెమొక్రాట్ ప్రైమరీలో ఓటు వేయనివాళ్లు ఎవరైనా రిపబ్లికన్ రనాఫ్‌లో వేయొచ్చు. కాక్రన్ మనుషులు నల్లజాతి వాడల్లోకి వెళ్లారు, చర్చి పెద్దలను కలిశారు, బడులకూ ఆసుపత్రులకూ వచ్చే డబ్బు ఆగిపోతుంది చూసుకోండి అన్నారు. రాజధాని జాక్సన్ ఉన్న హైండ్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న డెల్టా కౌంటీల్లో కాక్రన్ ఓట్లు ఎగబాకాయి. 7 వేల పైచిలుకు తేడాతో ఆయన గెలిచారు. మెక్‌డానియల్ ఓటమి ఒప్పుకోలేదు. ఆయన మనుషులు కౌంటీ ఆఫీసుల్లో కూర్చుని రెండు పోలింగుల ఓటరు పుస్తకాలు పక్కపక్కన పెట్టి, రెండు పార్టీల్లోనూ వేసినవాళ్ల పేర్లు వెతికారు. ఆలస్యంగా సవాలు చేశారంటూ కోర్టు కేసు కొట్టేసింది, అక్టోబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది.

డెమొక్రాట్లు వచ్చి మా ఇంటి పెళ్లికొడుకును నిర్ణయించారు అన్నది మెక్‌డానియల్ వర్గం మనసులోని మంట. ఆ మంటను నేను తేలిగ్గా తీసుకోను. పార్టీ జెండా మోసినవాడికి అలా అనిపించడం సహజం. అయినా ఈ విషయంలో నేను కాక్రన్‌కు ఓటేసిన ఆ నల్లజాతి ఓటర్ల పక్షమే. 1982 తర్వాత డెమొక్రాట్ ఎవరూ సెనేట్‌కు గెలవని రాష్ట్రం అది. మూడోవంతుకు పైగా జనాభా నల్లజాతివాళ్లు. వాళ్ల సెనేటర్ ఎవరన్నది రిపబ్లికన్ ప్రైమరీలోనే తేలుతున్నప్పుడు అందులోకి రావొద్దంటే ఇక వాళ్ల ఓటుకు విలువ ఎక్కడ? 1944లో సుప్రీంకోర్టు ఒక టెక్సస్ కేసులో కొట్టేసేదాకా, పార్టీ అంటే మా సొంత క్లబ్బు అనే వాదంతోనే దక్షిణాదిలో నల్లవాళ్లను ప్రైమరీల గడప తొక్కనివ్వలేదు. ఆ చరిత్ర తెలిసినవాళ్లు ‘మా ఇంటి వ్యవహారం’ అన్న మాటను కాస్త ఆలోచించి వాడాలి.

రనాఫ్‌లో లోపం వేరే ఉంది. మూడు వారాలు అదనపు బురద. మళ్లీ విరాళాలు, మళ్లీ టీవీ ప్రకటనలు, మళ్లీ సెలవు పెట్టి లైన్‌లో నిలబడటం. రెండో రోజు వచ్చేది మొదటి రోజు వచ్చిన జనమే కాకపోవడం వల్ల, ఓడినవాడికి ఇది నిజమైన తీర్పు కాదు అనే అనుమానం ఎప్పటికీ పోదు.

అలాస్కా కథ ఇంకో రకం. అక్కడ ఒకే మనిషి రెండు పద్ధతుల్లోనూ పోటీ చేశారు కాబట్టి పోల్చడం సులువు. 2010 ఆగస్టులో రిపబ్లికన్ సెనేటర్ లీసా మర్కౌస్కీ పాత పద్ధతి ప్రైమరీలో జో మిల్లర్ చేతిలో దాదాపు 2 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఆమె ఊరుకోలేదు. బ్యాలెట్ మీద పేరు లేకుండానే, ఓటర్లే తన పేరు చేత్తో రాయాలని ప్రచారం చేశారు. పలకడానికే కష్టమైన ఇంటిపేరు. దాన్ని అక్షరం అక్షరం నేర్పించే టీవీ ప్రకటనలు వేశారు, పేరు అచ్చేసిన చేతిపట్టీలు పంచారు. నవంబరులో జూనో పట్టణంలో అధికారులు బల్లల ముందు కూర్చుని ఒక్కో బ్యాలెట్ తిప్పి చూశారు. మిల్లర్ తరఫు పరిశీలకులు ఒక అక్షరం తప్పినా అభ్యంతరం రాయించారు, అలా 8 వేలకు పైగా బ్యాలెట్లు పక్కకు పెట్టించారు. అవన్నీ తీసేసినా ఆమెదే ఆధిక్యం. 1954లో స్ట్రోమ్ థర్మండ్ తర్వాత అలా చేతిరాత ఓట్లతో సెనేట్ గెలిచింది ఆమే. రాష్ట్రం మొత్తం కోరుకున్న మనిషిని పార్టీ ప్రైమరీ గడప దగ్గరే ఆపేయగలదని దీనికంటే గట్టి రుజువు వేరే ఏం కావాలి?

2020లో అలాస్కా ఓటర్లు స్వల్ప ఆధిక్యంతో పద్ధతినే మార్చుకున్నారు. ప్రైమరీలో అన్ని పార్టీలవాళ్లూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి నలుగురు నవంబరుకు వెళ్తారు, అక్కడ ఓటరు ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యం ఇస్తాడు. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటేసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. మొదటి ప్రాధాన్యంలో సగం దాటకపోతే కిందివాళ్లను ఎలిమినేట్ చేసుకుంటూ వాళ్ల రెండో ప్రాధాన్యం ఓట్లు పైవాళ్లకు కలుపుతారు. 2021లో నల్గొండ-ఖమ్మం-వరంగల్ సీటుకు 71 మంది నిలబడితే జంబో బ్యాలెట్ల లెక్కింపు రోజుల తరబడి సాగడం మనం చూశాం. అలాస్కాలో నలుగురే కాబట్టి ఆ అవస్థ లేదు.

2021లో అభిశంసన విచారణలో ట్రంప్‌ను దోషిగా తేల్చాలని ఓటేసినందుకు మర్కౌస్కీని తప్పుబడుతూ సొంత రాష్ట్ర పార్టీ తీర్మానం చేసింది. 2022లో ట్రంప్ బలపరిచిన కెల్లీ షిబాకా ఆమె మీద నిలబడ్డారు. పాత పద్ధతే ఉంటే ఆమె టికెట్ గల్లంతయ్యేదని చాలామంది లెక్కగట్టారు. నవంబరు తొలి లెక్కలో ఆమెకు 43.4 శాతం, షిబాకాకు 42.6. డెమొక్రాట్ పాట్ చెస్‌బ్రోకు పది శాతం పైచిలుకు. చెస్‌బ్రో ఓటర్ల రెండో ప్రాధాన్యాల్లో అత్యధికం మర్కౌస్కీకి చేరాయి. చివరి లెక్క 53.7, 46.3. చేతిపట్టీలు లేవు, అక్షరాల తగాదా లేదు, రెండో పోలింగ్ లేదు.

లోపాలు లేవని కాదు. అదే ఏడాది అలాస్కాలో ప్రతినిధుల సభ ఉప ఎన్నికలో ఇద్దరు రిపబ్లికన్లు, శారా పేలిన్, నిక్ బెగిచ్, ఒక డెమొక్రాట్ మేరీ పెల్టోలా పోటీపడ్డారు. మూడో స్థానంలో ఉన్న బెగిచ్ ఎలిమినేట్ అయ్యారు, పెల్టోలా గెలిచారు. బ్యాలెట్లన్నీ తర్వాత పరిశీలిస్తే, ముఖాముఖి అయితే బెగిచ్ ఇద్దరిలో ఎవరినైనా ఓడించేవారని తేలింది. బెగిచ్‌కు వేసినవాళ్లలో 11 వేల మందికి పైగా రెండో ప్రాధాన్యమే రాయలేదు. ఈ పద్ధతి వద్దని 2024లో మళ్లీ ఓటింగ్ పెడితే వెయ్యిలోపు ఓట్ల తేడాతోనే బతికి బయటపడింది. పద్ధతి అర్థమయ్యేలా చెప్పేవాళ్లు లేకపోతే అది నిలవదు.

పార్టీ అభ్యర్థిని పార్టీయే ఎంచుకోవాలి కదా అన్న అభ్యంతరం గట్టిది. అలాస్కాలో సగానికి పైగా ఓటర్లు ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లు కాబట్టి అక్కడ అది అంతగా నిలవదు. రెండు పార్టీలూ సమానంగా ఉన్న పెన్సిల్వేనియాలో నిలుస్తుంది, ఎందుకంటే అక్కడ నవంబరు ఎన్నిక నిజమైన ఎన్నిక. అందుకే నా లెక్క రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఒకే పార్టీ ఏలే రాష్ట్రంలో అలాస్కా పద్ధతే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. పోటాపోటీ రాష్ట్రంలో పార్టీ ప్రైమరీ పార్టీకే ఉంచొచ్చు, కానీ 31 శాతంతో టికెట్ ఇచ్చే ఒక్క విడత లెక్క మాత్రం పోవాలి. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వర స్వామి గుడి చుట్టుపక్కల, ఫిలడెల్ఫియా శివార్లలో స్థిరపడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు ఇది గమనించాలి. అక్కడ ఏదో ఒక పార్టీలో నమోదు కాకపోతే ప్రైమరీలో సెనేట్ అభ్యర్థికి ఓటు వేసే హక్కే లేదు. పార్టీ నమోదు మార్చుకోవడానికి ఎన్నికకు 15 రోజుల ముందే గడువు అయిపోతుంది.

రనాఫ్ ఉన్న దక్షిణాది రాష్ట్రాలకు ప్రాధాన్యతా ఓటు పరాయిదని అక్కడి నాయకులు అంటుంటారు. కానీ అలబామా, జార్జియా, సౌత్ కరోలినాల్లో విదేశాల్లో ఉన్న సైనికులకు ప్రాధాన్యాలు రాసే బ్యాలెట్‌నే పంపుతున్నారు. ఉన్న కొద్ది వారాల్లో రెండో బ్యాలెట్ వాళ్లకు చేరి తిరిగి రాదు కాబట్టి, రనాఫ్ వస్తే ఆ ప్రాధాన్యాలనే లెక్కిస్తారు. సైనికుడి చేతిలో సరిపోయిన కాగితం అతని ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ఎందుకు సరిపోదో ఆ రాష్ట్రాల శాసనసభలే చెప్పాలి.